నాన్నగారి ఫియట్ మళ్లీ రోడ్డెక్కేదాకా

కొట్టం తాళం తీసింది 2022 ఆగస్టు 14న. కారు తన చక్రాల మీద తాను ఇంటి గుమ్మంలోకి వచ్చింది 2025 మే 18న. ఈ రెండు ఆదివారాల మధ్య ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో, ఎక్కడెక్కడ ఎన్నాళ్లు కాచుకున్నానో వరసగా రాస్తున్నాను. పెరట్లోనో షెడ్డులోనో పాత కారు పెట్టుకుని, వీలు చూసుకుని బాగు చేయిద్దామనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. నేనూ పాతికేళ్లు అలాగే అనుకున్నాను.

నాన్నగారు తెనాలిలో డాక్టరు. 1964లో ఫియట్ కోసం డబ్బు కట్టి పేరు నమోదు చేయించుకుంటే, బండి చేతికి వచ్చింది 1971 మార్చిలో. ఆ రోజుల్లో కారు కొనడమంటే వరసలో నిలబడటమే. ఫియట్‌కు ఆ వరస మరీ పొడుగు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసిన ఫియట్ 1100 డిలైట్ అది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు. తర్వాత ఆ బండే పేరు మార్చుకుని ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, ఆపైన పద్మిని అయింది. 1977 నవంబరు ఉప్పెన తర్వాత నాన్నగారు మందుల పెట్టెలు వెనక సీట్లో వేసుకుని ఈ బండిలోనే రేపల్లె వైపు వెళ్లారు. నాలుగు రోజులకు తిరిగి వచ్చారు. తలుపుల సగం దాకా బురద ఉండటం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

1996 నవంబరులో నాన్నగారు పోయారు. ఆసుపత్రి కాంపౌండరుగారు కొన్నాళ్లు వారానికోసారి వచ్చి బండి స్టార్ట్ చేసి వెళ్లేవారు. 1997 జూన్‌లో ఆయనకు కంటి ఆపరేషన్ అయింది, ఆ తర్వాత రాలేకపోయారు. బండి కొట్టంలోనే ఉండిపోయింది. కొంటామని వచ్చినవాళ్లను అమ్మ గేటు దగ్గరి నుంచే పంపించేసేది. ఏటా తొలకరికి ముందు మనిషిని పిలిపించి, కారు మీద టార్పాలిన్ పట్టా కప్పించి, కొబ్బరి తాడుతో బిగించి కట్టించేది. 2021 డిసెంబరులో అమ్మ కూడా వెళ్లిపోయింది. 2022 మార్చిలో నేను బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. ఇక నాకు వాయిదా వేయడానికి కారణం మిగల్లేదు.

ఆ ఆదివారం తాడు కోసినా పట్టా రాలేదు. ఎడమ వైపు అది రేకుకు అతుక్కుపోయింది. మెల్లగా లాగితే రంగు పెచ్చులు పట్టాతోపాటే ఊడి వచ్చాయి. వాటి వెనక తుప్పు ఎర్రగా, చెమ్మగా ఉంది. ఎడమ తలుపు కింది అంచును బొటనవేలితో నొక్కాను. టీలో నానిన బిస్కెట్టులోకి దిగినట్టు వేలు లోపలికి దిగిపోయింది. కుడి వైపు ఏదో గాలివానకు తాడు తెగి, పట్టా జారి, ఏళ్ల తరబడి అలాగే ఉన్నట్టుంది. ఆ వైపు రంగు వెలిసింది, పిట్టల రెట్టలు గట్టిపడ్డాయి, దుమ్ము వేలెడు మందం పేరుకుంది. కానీ రేకు మాత్రం గట్టిగా ఉంది. వేలి మెటికతో కొడితే ఖంగుమంది.

దీనికి కారణం తర్వాత మేస్త్రి చెప్పారు. మట్టి నేలలోంచి రాత్రిళ్లు చెమ్మ పైకి లేస్తుంది. పట్టా కింద దానికి బయటికి దారి ఉండదు, రేకు మీదే నీటి బొట్లై కూర్చుంటుంది. మాది డెల్టా నేల, ఇంటి వెనకే పంట కాలువ. నాలుగు వైపులా గాలి ఆడేలా వదిలేసి ఉంటే ఇంత తుప్పు పట్టేది కాదన్నారు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాతిక వానాకాలాలు అమ్మ దగ్గరుండి కట్టించిన తాళ్లవి. ఆఖరి రెండేళ్లు కుర్చీ వేయించుకుని కూర్చుని మరీ కట్టించింది. ఆమెకు ఈ సంగతి తెలియకుండా ఉండటమే నాకు ఊరట.

వెనక సీటు కింద ఎలుకలు గూడు పెట్టుకున్నాయి. సీటులోని కొబ్బరి పీచు, తలుపుల లోపలి అట్టలు, వైర్ల మీది తొడుగులు కొరికి తెచ్చి పోగేశాయి. గూడు తీస్తుంటే మధ్యలో కాగితం ముక్కలు బయటపడ్డాయి. అవి నాన్నగారు మందులు రాసిచ్చే చీటీలు. ఒక ముక్క మీద ‘పూటకు ఒకటి, అన్నం తిన్నాక’ అని ఆయన చేతిరాత. రోగులకు అర్థం కావాలని తెలుగులోనే రాసేవారు. ఆ ముక్క ఇప్పటికీ నా పర్సులో ఉంది. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఇలాంటి బండి బానెట్ ఎత్తే ముందు కర్రతో గట్టిగా తట్టి, కాసేపు ఆగండి. మా ఇంజను మీద రెండు మూరల పాము కుబుసం ఉంది.

రంగు దగ్గర నాకూ తమ్ముడికీ ఫోనులో మాట పట్టింపు వచ్చింది. వాడు న్యూజెర్సీలో ఉంటాడు. “తెల్ల కారు కదక్కా” అంటాడు. నాకు లేత నీలం గుర్తు. వాడి కంటే నేను ఏడేళ్లు పెద్ద. డ్యాష్‌బోర్డు వెనక తడిగుడ్డతో తుడిచి చూస్తే లేత నీలం బయటపడింది. నాన్నగారి రసీదుల పెట్టెలో 1975 నాటి పెయింటింగ్ బిల్లు దొరికాక విషయం తేలింది. తెల్ల రంగు వేయించేనాటికి వాడికి ఆరేళ్లు. వీడియోలో ఆ నీలం చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “నీలమే వేయించక్కా” అన్నాడు.

2022 సెప్టెంబరు 22న కారును కొట్టంలోంచి బయటికి తీశాం. దానికే ఐదు గంటలు పట్టింది. బ్రేకు షూలు తుప్పుతో డ్రమ్ములకు కరుచుకుపోయి నాలుగు చక్రాలూ కదల్లేదు. గాలి కొడితే రెండు టైర్లు నిలబడ్డాయి, రెండింటి పగుళ్లలోంచి గాలి బుస్సుమని పోయింది. గొలుసు వేసి లాగితే ముందు ఇరుసు విరుగుతుందని వ్యాను డ్రైవరు ఒప్పుకోలేదు. పక్క తోటలోంచి పచ్చి అరటి బోదెలు తెప్పించి, నిలువునా చీల్చి, చక్రాల కింద పరిచాడు. వాటి జిగురు మీద కారు జారుకుంటూ వ్యాను దాకా వచ్చింది. ఆ ఉపాయం ఆ రోజు నా కారును కాపాడింది. రవాణాకు 12,000 అయింది, ఎందుకంటే నేను ఎంచుకున్న షెడ్డు వేరే జిల్లాలో ఉంది.

ఇక్కడ నేను చేసిన తప్పు దాచకుండా చెప్పాలి. పాత కార్లు బాగు చేయడంలో ఆ షెడ్డుకు పేరుంది. గోడల నిండా మెరిసే కార్ల ఫొటోలున్నాయి. ఎనిమిది నెలల్లో ఇస్తామన్నారు, మొత్తం మూడున్నర లక్షలన్నారు, లక్షన్నర బయానా అడిగారు. ఇచ్చేశాను. మూడు వారాల్లో కారంతా విప్పేశారు. రోజూ ఫొటోలు వచ్చేవి. ఇంజను దిగింది, తలుపులు ఊడాయి, అద్దాలు తీశారు. ఎంత వేగంగా పని జరుగుతోందో అని ఇంట్లో అందరికీ చూపించుకుని మురిసిపోయాను. విప్పడానికి మూడు వారాలు చాలునని, అసలు పని ఆ తర్వాతే మొదలవుతుందని అప్పుడు తెలియదు. అక్టోబరు 15 తర్వాత ఫొటోలు రావడం ఆగిపోయింది.

జనవరిలో ఫోన్ చేస్తే సంక్రాంతి వెళ్లాక అన్నారు. ఏప్రిల్‌లో టింకరింగ్ చేసే మనిషి ఊరెళ్లాడన్నారు. జూన్‌లో ఎత్తడమే మానేశారు. 2023 ఆగస్టులో చెప్పకుండా వెళ్లాను. కారు షెడ్డులో లేదు. వెనక ఖాళీ స్థలంలో, పైకప్పు లేని చోట, నాలుగు సిమెంటు దిమ్మెల మీద ఉంది. అద్దాలు తీసేసిన కిటికీల్లోంచి వాన లోపలికి కొట్టి, కింది రేకు మీద నీళ్లు నిలిచాయి. కుడి వైపు కిటికీలోంచి దొండ తీగ పాకింది. గట్టిగా ఖంగుమన్న ఆ కుడి వైపు రేకు మీద కూడా తుప్పు మొదలైంది.

అక్కడ నా కారు ఒక్కటే లేదు. ఒక మార్క్ 2 అంబాసిడర్, ఒక స్టాండర్డ్ హెరాల్డ్, ఒక జీపు, గుర్తుపట్టలేని డొల్లలు మరో రెండు. హెరాల్డ్ సొంతదారు ఆ రోజు అక్కడే ఉన్నారు. డెబ్బై దాటిన పెద్దాయన. నెలకోసారి బస్సులో వచ్చి, కారు పక్కన స్టూలు వేసుకుని కాసేపు కూర్చుని, గుడ్డతో తుడిచి వెళతారట. అక్కడ పెట్టి ఆరేళ్లయిందన్నారు. “తీసుకుపోదామంటే సగం సామాను కనిపించడం లేదమ్మా, వదిలేద్దామంటే మనసు రాదు” అన్నారు. తిరుగు బస్సులో నేను ఆయన గురించే ఆలోచించాను. పాతికేళ్లు కొట్టంలో ఉన్నా నా కారు కారుగానే ఉంది. తుప్పు పట్టినా దాని భాగాలన్నీ దానిలోనే ఉన్నాయి. ఇక్కడికి వచ్చిన ఏడాదికి అది రేకు డొల్లగా, కొన్ని డబ్బాలుగా మారింది.

వెనక్కి తెచ్చుకోవడానికి ఇంకో నాలుగు నెలలు పోరాడాను. 2023 డిసెంబరు 11న వ్యాను వెళ్లి డొల్లనూ, ఇంజనునూ, తొమ్మిది గోనె సంచుల సామానునూ తెచ్చింది. రవాణా 13,500. బయానాలో 40,000 తిరిగి ఇచ్చారు, 1,10,000 పోయింది.

తెలిసినవాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి పేరు చెప్పారు. ఫియట్ టాక్సీల మీద పని నేర్చుకున్న మనిషి, చిన్న షెడ్డు. 2024 జనవరి 22న వెళ్లి కలిశాను. ఆయన మొదట అన్న మాట ఇది: “అమ్మా, నా చేతిలో రెండు బళ్లున్నాయి. మే నెల దాకా మీది ముట్టుకోలేను. అప్పటిదాకా మీ ఇంట్లోనే ఉంచండి. ఇక్కడ పెట్టి వానకు తడపలేను.” బయానా ఎంతని అడిగితే, ఏ పనికి ఆ పని అయ్యాక చూసి ఇవ్వమన్నారు. నేను అక్కడే ఒప్పుకున్నాను.

వెళ్లేటప్పుడు ఒక పని అప్పగించారు. సంచులు గుమ్మరించి, ప్రతి వస్తువుకూ చీటీ కట్టి, పుస్తకంలో రాయమన్నారు. ఆ నాలుగు నెలలు నాన్నగారి కన్సల్టింగ్ గదిలోనే గడిపాను. రోగులు కూర్చునే బల్లల మీద పాత చీరలు పరిచి వస్తువులన్నీ వరసగా పేర్చాను. ఒక్కొక్కటి కిరోసిన్‌లో కడిగి, ఫొటో తీసి, ఫోనులో మేస్త్రికి పంపితే ఆయన పేరు చెప్పేవారు. ఎడమ తలుపు తాళం నాలుక. వైపరు కడ్డీ. హ్యాండ్ బ్రేకు కొక్కెం. బడిలో హాజరు పట్టీ రాసినట్టు నంబర్లు వేసుకుంటూ పోయాను. మొత్తం 412 వచ్చాయి. రానివి 37. వెనక లైట్ల అద్దాలు రెండూ, గేరు కడ్డీల జాయింటు ఒకటి, మూడు చక్రాల మూతలు, స్పీడు మీటరు అద్దం, కుడి వెనక తలుపు హ్యాండిల్, ఇలా. ఈ పట్టిక తయారుచేయకపోతే తర్వాత ఏ పనీ జరిగేది కాదు. బండిని ఎవరికైనా విప్పడానికి ఇచ్చే ముందు దగ్గర కూర్చుని ఈ పట్టిక రాయించుకోండి. ప్రతి బోల్టునూ దాని చోటుతో సహా ఫొటో తీయించుకోండి.

2024 మే 6న కారు ఆటోనగర్ చేరింది. మే నుంచి ఆగస్టు దాకా రేకు పని. కింది నేల రేకు మొత్తం, రెండు వైపులా తలుపుల కింది పట్టీలు, ఎడమ తలుపుల కింది భాగాలు, వెనక చక్రాల పైగుండ్రాలు కోసి కొత్త రేకు వేశారు. పుట్టీతో కప్పేస్తే నెలలో అయిపోయేదే. నేను వారానికి రెండు రోజులు వెళ్లి కూర్చునేదాన్ని. పాత తలుపు అంచు వంపు కొత్త రేకులో రావడానికి ఆయన చెక్క సుత్తితో రెండు రోజులు కొట్టారు. కొట్టడం, కుడి తలుపు పక్కన పెట్టి చూసుకోవడం, మళ్లీ కొట్టడం.

ఈ దశలో ఒక ప్రమాదం తప్పింది. ఛాసిస్ నంబరు ఇంజను వెనక గోడ రేకు మీద పొడిచి ఉంటుంది. తుప్పు గోకే కుర్రాడు గ్రైండరుతో అక్కడిదాకా వచ్చాడు. మేస్త్రి చూసి కేకేశారు. ఆ నంబరు చెరిగిపోతే ఏ కార్యాలయమూ ఆ బండిని గుర్తించదు. ఆ సాయంత్రమే నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, నాలుగు ప్రింట్లు తీసి ఇచ్చారు. రంగు వేశాక అంకెలు పూడుకుపోతాయి కాబట్టి ఇది ముందే చేయించుకోవాలి.

సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగిపోయాయి. షెడ్డులోకి నీళ్లు రాలేదు కానీ, పనిచేసే కుర్రాళ్లలో ఇద్దరి ఇళ్లు సింగ్‌నగర్‌లో పీకల్లోతు మునిగాయి. ఐదు వారాలు పని ఆగింది. ఆ ఐదు వారాలు నేను ఒక్కసారి కూడా కారు సంగతి అడగలేదు.

అక్టోబరులో ఇంజను పట్టుకున్నారు. అది పూర్తిగా పట్టేసింది. పిస్టన్లు నాలుగూ గోడలకు అంటుకుని కదల్లేదు. హెడ్ తీసి, నాలుగు సిలిండర్లలోనూ డీజిలు, గేరు ఆయిలు కలిపి పోసి వదిలేశారు. రోజూ పొద్దున్నే షెడ్డు తెరవగానే కింది పుల్లీ నట్టుకు పెద్ద పానా తగిలించి, ఒక్కసారి మెల్లగా బరువు వేసి చూసి, కదలకపోతే వదిలేసేవారు. “తొందరపడితే కడ్డీ వంగుతుందమ్మా, నాననివ్వాలి” అనేవారు. రెండో రోజు, నాలుగో రోజు, వారం. నూనె తగ్గితే మళ్లీ పోసేవారు. పదకొండో రోజు నేను అక్కడే ఉన్నాను. పానా మీద చెయ్యి వేసి ఆయన మాట ఆపేశారు. ఎండు కొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడయింది. మూడో సిలిండరులో నూనె మట్టం వెంట్రుకవాసి కిందికి జరిగింది. ఆయన నా వైపు చూసి ఏమీ అనలేదు. పానా వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పి, గంటసేపు అలాగే ఊపుతూ ఊపుతూ ఒక పూర్తి చుట్టు తిప్పారు. కుర్రాళ్లు టీ తెప్పించారు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

తర్వాత లేత్‌లో బోరింగ్ చేయించి పెద్ద సైజు పిస్టన్లు వేశారు. వాల్వుల సంగతి నాకు కొత్తగా తెలిసింది. ఈ బండి ఆగిన 1997లో మన పెట్రోలులో ఇంకా సీసం కలిపేవారు. దేశమంతటా అది ఆగింది 2000 ఫిబ్రవరి 1 నుంచి. సీసం వాల్వు సీట్లను, అంటే వాల్వులు మూసుకునేటప్పుడు ఆనే అంచులను, అరగకుండా కాపాడేదట. అందుకని గట్టి ఉక్కు సీట్లు కొత్తగా దిగగొట్టించాం. పెట్రోలు ట్యాంకు అడుగున మాత్రం ఆనాటి పెట్రోలే బంక తారులా గడ్డకట్టి ఉంది. వేడినీళ్లు, సోడా, గులకరాళ్లు పోసి మూడు రోజులు ఊపితే కానీ వదల్లేదు.

లేని 37 వస్తువుల కోసం చెన్నై పుదుపేట మూడుసార్లు వెళ్లాను. హైదరాబాద్ రాణిగంజ్‌లో రెండు రోజులు తిరిగాను. ముంబయి నుంచి పార్సిళ్లు తెప్పించాను. చూపించడానికి చేతిలో నమూనా ఉంటే పని సులువు. జత వస్తువుల్లో ఒకటి పోతే రెండోది వెంట తీసుకెళ్లాలి, మాటలతో చెబితే పద్మిని సామాను చేతిలో పెడతారు. కొన్ని సరిపోతాయి, కొన్ని అర అంగుళం తేడా వస్తాయి. 5.20-14 సైజు టైర్ల కోసం నాలుగు ఊళ్లలో అడిగి, ఐదు కలిపి 24,000 పెట్టాను. రబ్బరు బీడింగులు కొత్తగా పోయించుకోవాల్సి వచ్చింది.

రంగు పని వానలన్నీ తగ్గాక డిసెంబరులో మొదలైంది. 2025 జనవరి 24న ఇంజను మొదటిసారి స్టార్ట్ అయింది. ఆ చప్పుడు వినగానే తమ్ముడికి వీడియో కాల్ చేశాను, వాడికి అక్కడ అర్ధరాత్రి దాటింది. ఇద్దరం ఏమీ మాట్లాడకుండా విన్నాం.

కాగితాల పని దీనికి సమాంతరంగా 2023 జనవరి నుంచి నడుస్తూనే ఉంది. పాత మూడక్షరాల నంబరు కంప్యూటరులో లేదు. 1971 నాటి చేతిరాత రిజిస్టరు వెతికించడానికి నాలుగు నెలలు, పదకొండు సార్లు తిరిగాను. నాన్నగారు రేకు పెట్టెలో దాచిన పన్ను రసీదులూ, అసలు ఆర్‌సీ పుస్తకమూ లేకపోతే అది కూడా జరిగేది కాదు. పాత కాగితాలు చెత్త అని ఎప్పుడూ పారేయకండి.

బండి నాన్నగారి పేరు మీదే ఉంది. వారసుల పేరుకు మార్చడానికి 31వ నంబరు ఫారం. దానికి ఇద్దరి మరణ ధ్రువపత్రాలు, తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, తమ్ముడి నుంచి అభ్యంతరం లేదన్న అఫిడవిట్ కావాలి. వాడు న్యూయార్క్‌లోని మన కాన్సులేట్‌లో దాన్ని ధ్రువీకరింపజేసి పంపడానికి ఏడు వారాలు పట్టింది. మొదటి ప్రతిలో ఛాసిస్ నంబరు ఒక అంకె తప్పు పడింది, మళ్లీ చేయించాం. ఆ ఏడు వారాలు అందులోనే పోయాయి.

2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉన్న బళ్లకు ఇవి వర్తిస్తాయి. ఫీజు 20,000, గడువు పదేళ్లు. ముందే నంబరున్న బండి ఆ నంబరునే ఉంచుకోవచ్చు. నేను ఈ దారి ఎంచుకున్నది ముఖ్యంగా ఆ నంబరు కోసమే. దీనికో షరతుంది. బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే తీయాలి. కారు వేసుకుని ఆఫీసుకు వెళ్లాలనుకునేవారికి ఇది పనికిరాదు.

దరఖాస్తుతోపాటు బీమా ఉండాలన్నారు. బీమా వాళ్లు చెల్లుబాటులో ఉన్న ఆర్‌సీ చూపించమన్నారు. ఆర్‌సీ కావాలంటే బీమా కావాలి. ఈ చుట్టులో ఆరు వారాలు తిరిగాను. చివరికి నాలుగో కార్యాలయంలో ఒక అధికారి, పాత ఆర్‌సీ పుస్తకంలోని నంబర్లను పెన్సిల్ ప్రింట్లతో పోల్చి చూసి థర్డ్ పార్టీ పాలసీ ఇచ్చారు. 2025 ఫిబ్రవరి 3న దరఖాస్తు పెట్టాను, 27న కమిటీ వచ్చి బండి చూసింది. ధ్రువపత్రం 60 రోజుల్లో ఇవ్వాలని నిబంధన, నాకు మే 9న వచ్చింది. అంటే 95 రోజులు.

ఖర్చు అందరూ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. రేకు పని 1,35,000. రంగు 85,000. ఇంజను 78,000. పోయిన సామాను కొనడానికి, అద్దాలకు, రబ్బర్లకు 47,000. బ్రేకులు, క్లచ్, వైరింగు, సీట్లు, టైర్లు, రవాణా, కాగితాలు, మొదటి షెడ్డులో పోయిన డబ్బు అన్నీ కలిపి మొత్తం 6,24,000. అందులో తమ్ముడు సగం పంపాడు. ఈ డబ్బుకు మంచి కొత్త కారు వస్తుందని చెప్పినవాళ్లు ఉన్నారు. వాళ్ల లెక్క తప్పు కాదు. నాకు కావాల్సింది కొత్త కారు కాదు.

మే 18న పొద్దున్న ఆరు గంటలకు ఆటోనగర్ నుంచి బయలుదేరాం. మేస్త్రి పక్క సీట్లో కూర్చున్నారు, నేను నడిపాను. స్టీరింగు పక్కన గేరు అలవాటు కావడానికి షెడ్డు వెనక పది రోజులు నేర్చుకున్నాను. ప్రకాశం బ్యారేజీ మీద ఎవరో స్కూటరు వేగం తగ్గించి, పక్కన వస్తూ చెయ్యి ఊపారు. దుగ్గిరాల దగ్గర ఇంజను దగ్గి ఆగిపోయింది. కొత్త పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు పెట్రోలు పంపులోని పాత రబ్బరు పొర ఉబ్బిందట. మేస్త్రి సంచిలో ఇంకొకటి ఉంది. కాలువ గట్టున నేరేడు చెట్టు కింద ముప్పావు గంటలో మార్చేశారు. తొమ్మిదింటికి ఇంటికి చేరాం. వీధిలో ముసలివాళ్లు ఇద్దరు బయటికి వచ్చారు. ఒకాయన బానెట్ మీద చెయ్యి వేసి, “డాక్టరుగారి నీలం కారు” అన్నారు.

ఇప్పుడు కొట్టానికి సిమెంటు నేల వేయించాను. రెండు గోడల్లో గాలి ఆడటానికి కన్నాల ఇటుకలు పెట్టించాను. పట్టా కప్పడం లేదు, పల్చని నూలు దుప్పటి ఒకటి కప్పుతున్నాను, వానాకాలంలో అదీ లేదు. ఆదివారం పొద్దున్న పెట్రోలు బంకు దాకా వెళ్లి వస్తాను. ఊరెళ్లాల్సి వస్తే బ్యాటరీ తీగ ఊడదీసి, ట్యాంకు దాదాపు ఖాళీ చేసి, హ్యాండ్ బ్రేకు వేయకుండా చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి వెళుతున్నాను.

37 వస్తువుల్లో 36 దొరికాయి. కుడి వెనక తలుపు హ్యాండిల్ ఇంకా రాలేదు. ప్రస్తుతానికి లోపలి నుంచే తీస్తున్నాం. పుదుపేటలో ఒకాయన మధురై నుంచి పాత డిలైట్ ఒకటి వస్తోందని, పదో తేదీ తర్వాత ఫోన్ చేయమని చెప్పారు. ఎడమ హ్యాండిల్ విప్పి, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.